ఆటల అంగడిలో ఒక కొలువు

సాయంకాలం ఆరు దాటితే టాటానగర్‌లోని బిష్టుపూర్ బజారుకు కొత్త ప్రాణం వస్తుంది. షిఫ్టు దిగిన కార్మికులు, కళాశాల విద్యార్థులు, ఇంటి సరుకులకు బయలుదేరిన సంసారులు ఒకే కాలిబాట మీద ఒకరినొకరు ఒరుసుకొంటూ నడుస్తారు. ఆ సందడిలో ఒక అంగడి అద్దపు తలుపు మీద ‘సేల్స్‌మన్ కావలెను’ అన్న కాగితం అంటించి ఉన్నదని పాఠకులు ఊహించుకోవాలి. లోపల అలమారుల నిండా వీడియో ఆటల యంత్రాలు, డిస్కులు, కంట్రోలర్లు. వెలుపల, ఆ కాగితాన్ని మూడవసారి చదువుతున్న ఇరవై రెండేళ్ల తెలుగు యువకుడు.

అతనికి పేరు పెట్టనక్కరలేదు. కద్మాలో, సోనారిలో, గోల్మురిలో అటువంటి యువకులు ఎందరో ఉన్నారు. తాత ఏనాడో శ్రీకాకుళం ప్రాంతంనుంచి రైలెక్కి వచ్చి కొలిమి దగ్గర పనికి కుదిరాడు. తండ్రి అదే కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ పొందాడు. మనుమడు బి.కాం. పూర్తిచేసి, రెండు పోటీ పరీక్షలు రాసి, మూడవ పరీక్ష తేదీ కోసం ఎదురుచూస్తున్నాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, స్నేహితులతో కొంత బెంగాలీ, కొంత ఒడియా మాట్లాడగలడు. చిన్ననాటినుంచి వీడియో ఆటలంటే ప్రాణం. ఇంటికి వెళ్ళి ఆ కాగితం సంగతి చెప్పాడు.

“మీ తాత కొలిమి ముందు నిలబడ్డాడు. నేను రోలింగు మిల్లులో నిలబడ్డాను. నువ్వు పిల్లల ఆటబొమ్మల ముందు నిలబడతావట్రా?” అన్నాడు తండ్రి.

తల్లికి వేరే దిగులు. “జూదం కాదు గదా, నాయనా?”

తల్లి ప్రశ్నకు జవాబు సులువు. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, పందెం లేని ఇతర ఆటలను ప్రోత్సహించదగినవిగా వేరు చేసింది. డిస్కు కొనుక్కొని ఇంట్లో ఆడుకొనేవాడికి, పందెం కాసేవాడికి గల తేడా ఇప్పుడు చట్టంలోనే ఉన్నది. తండ్రి ప్రశ్న మాత్రం అంత సులువుగా తేలేది కాదు. దాని వెనుక ఒక ఊరి చరిత్ర అంతా ఉన్నది.

1907లో టాటా ఇనుము, ఉక్కు సంస్థ ఏర్పడినప్పుడు ఈ స్థలం సాక్చీ అనే పల్లె. సువర్ణరేఖా, ఖర్కాయీ నదులు కలిసే చోటు గనుక దానిని ఎంపిక చేశారు. 1912లో తొలి ఉక్కు కడ్డీ వచ్చింది. 1919లో లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టగా, కాళీమాటి అనే రైలుస్టేషను టాటానగర్ అయింది. తెలుగువారి నోట మాత్రం ఊరికీ, స్టేషనుకూ కలిపి టాటానగర్ అన్నదే నిలిచింది. ఎనిమిది గంటల పనిదినం ఇక్కడ 1912లోనే వచ్చింది. భవిష్యనిధి 1920లో వచ్చింది. దేశంలోని తక్కిన కార్మికులు చట్టం కోసం దశాబ్దాలు కాచుకొని ఉండగా, ఇక్కడివారికి ఇల్లు, నీరు, ఆసుపత్రి, బడి అన్నీ ఒకే గేటు గుండా లభించాయి. అందువల్ల ఈ ఊళ్ళో ‘ఉద్యోగం’ అన్నమాటకు చాలాకాలం ఒకటే అర్థం ఉండేది. గేటు లోపల ఉన్నది ఉద్యోగం, వెలుపల ఉన్నది ఏదో ఒక పని.

ఆ అర్థం కరిగిపోయి చాలా ఏళ్లయింది. 1990 దశకం తొలి సంవత్సరాలలో 70 వేలకు పైబడి ఉన్న సంస్థ సిబ్బంది 2000 దశకం మధ్యకు వచ్చేసరికి సుమారు సగమైంది. ఉత్పత్తి తగ్గలేదు, పెరిగింది. తగ్గినది మనుషులు. ముందుగా విరమించుకొన్నవారికి సంస్థ ఉదారంగానే చెల్లించింది గనుక ఈ మార్పు పెద్ద గొడవ లేకుండా జరిగిపోయింది. అందుకే కాబోలు, ఎన్నో ఇండ్లలో అది జరిగిందన్న స్పృహే లేదు. తండ్రి ఇంకా గేటు వైపే చూస్తున్నాడు. టాటాలు మాత్రం అంగళ్ళ వైపు ఏనాడో నడిచారు. వారి వెస్ట్‌సైడ్ దుస్తుల దుకాణాలు 1998లోను, విద్యుత్ పరికరాలు అమ్మే క్రోమా 2006లోను ఆరంభమయ్యాయి. ఉక్కు పోసిన ఇంటివారే కౌంటరు వెనుక నిలబడితే, ఉక్కు కార్మికుని కొడుకు నిలబడటం చిన్నతనం ఎలా అవుతుందో ఆ తండ్రి చెప్పలేడు.

యువకుడు ఆ రాత్రే అర్జీ రాశాడు. ‘పన్నెండేళ్లుగా వీడియో ఆటలు ఆడుతున్నాను. ఈ ఆటలంటే నాకు మిక్కిలి ఆసక్తి. దాదాపు అన్ని ప్రసిద్ధమైన ఆటలూ పూర్తిచేశాను.’

అంగడి యజమాని బల్ల సొరుగులో ఇటువంటి అర్జీలు ఇప్పటికే చాలా ఉండి ఉంటాయి. ఆటలమీద ఇష్టం లేనివాడు ఆటల అంగడికి అర్జీ పెట్టడు గదా! మిఠాయి దుకాణంలో పనికి వచ్చినవాడు ‘నాకు లడ్డూలంటే ఇష్టం’ అంటే యజమానికి సంతోషం కంటే భయమే ఎక్కువ కలుగుతుంది. ఇష్టం అవసరమే, కాని యజమాని కొనేది అది కాదు. కౌంటరుకు అవతల నిలబడే మనిషికి ఏమి కావాలో గ్రహించగల బుద్ధిని అతడు కొంటాడు. ఆ మనిషి చాలాసార్లు ఆటగాడు కాడు.

ఒక పెద్దామె వచ్చిందనుకోవాలి. మనుమడి పుట్టినరోజు. చేతిలో చిన్న కాగితం, దానిమీద మనుమడి చేతిరాతతో ఒక ఆట పేరు. ఆమె కొంగుముడి విప్పేలోగా సేల్స్‌మన్ తెలుసుకోవలసినవి ఎన్నో ఉన్నవి. ఇంట్లో ఉన్న యంత్రం ఏది? ప్లేస్టేషన్ 4 డిస్కు ప్లేస్టేషన్ 5లో పనిచేస్తుంది. ప్లేస్టేషన్ 3 డిస్కు పనిచేయదు. నింటెండో స్విచ్‌కు అసలు డిస్కే లేదు, బొటనవేలి గోరంత కార్డు పెట్టాలి. పైగా ప్లేస్టేషన్ 5లోనే డిస్కు పెట్టే చోటు లేని రకం ఒకటున్నది. ఆ ఇంటికి డిస్కు తీసుకువెళ్ళడం తలుపు లేని గోడకు తాళంచెవి ఇవ్వడం వంటిది. ఈ సంగతులేవీ పెద్దామెకు తెలియవు, తెలియనక్కరలేదు. “టీవీ పక్కన ఉన్న పెట్టె ఏ రంగుదమ్మా? దానికి ముందువైపు సన్నని చీలిక ఉన్నదా?” అని అడగగలవాడే మంచి సేల్స్‌మన్. ఆమె ఇంటికి ఫోను చేసి కోడలిని అడిగి చెబుతుంది. అయిదు నిమిషాలు పోతాయి. మరునాడు కన్నీళ్ళతో తిరిగివచ్చే పిల్లవాడు, సీలు తెగిన పెట్టె తిరిగి తీసుకొనేది లేదని వాదించే గుమాస్తా, చుట్టూ చేరి వినోదం చూసే జనం – ఇవన్నీ ఆ అయిదు నిమిషాలతో తప్పిపోతాయి.

ఇంకొకటి ఉన్నది. అట్ట మూలన ఒక చిన్న చదరంలో అంకె ఉంటుంది: 3, 7, 12, 16, లేక 18. 2003 నుంచి ఐరోపాలో అమలులో ఉన్న పెగీ అనే వయోనిర్ణయపు గుర్తు అది. మన దేశంలో అమ్మే ఎన్నో డిస్కుల అట్టలమీద కనిపిస్తుంది. సినిమాకు సెన్సారు సర్టిఫికెట్టు ఉన్నట్లు మన దేశంలో ఆటలకు అటువంటి ప్రభుత్వ ఏర్పాటు లేదు గనుక, ఆ అంకె అర్థం విప్పిచెప్పవలసిన బాధ్యత ఆచరణలో కౌంటరు వెనుక ఉన్న యువకునిదే. పెద్దామె చేతి కాగితంలో ఉన్నది 18 అంకె గల ఆట. మనుమడికి పదేళ్ళు. అమ్మితే బిల్లు తెగుతుంది. ‘అమ్మా, ఇది పెద్దవాళ్ళది. ఇందులో హత్యలు, రక్తపాతం ఉన్నవి. అబ్బాయికి చెప్పకండి గాని, దీని బదులు ఈ ఆట తీసుకెళ్ళండి’ అంటే బిల్లు తెగవచ్చు, తెగకపోవచ్చు. ఈ కొలువులో ధర్మసంకటం ఈ రూపంలో వస్తుంది. అర్జీదారుడు ఇంటర్వ్యూకు ముందే దీన్ని గూర్చి ఒక నిర్ణయానికి వచ్చి ఉంటే మంచిది. యజమాని తప్పక అడుగుతాడని కాదు. అతడు అడగకపోయినా, మొదటి ఆదివారమే ఒక పెద్దామె అడుగుతుంది.

మతసంబంధమైన చిక్కులు కూడా లేకపోలేదు. 2009లో సోనీ సంస్థ ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే ఆటను విడుదల చేసింది. దానిని తయారుచేసినది హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్. కన్సోల్ యంత్రం కోసం మన దేశంలో రూపొందిన తొలి ఆటగా దానికి పేరు. దేవుణ్ణి మీటలు నొక్కి గెంతించడమేమిటని విదేశాలలోని కొందరు హిందూ ప్రతినిధులు ఆక్షేపించారు. బిష్టుపూర్‌లోనే ఆంధ్రభక్త శ్రీరామ మందిరం ఉన్నది. ఆ గుడినుంచి నేరుగా అంగడికి వచ్చే తాతగారు ఇదే ప్రశ్న వేస్తే, నవ్వి ఊరుకోవడం జవాబు కాదు. తోలుబొమ్మలాటలో హనుమంతుణ్ణి కూడా కర్రలు పట్టుకొని మనిషే ఆడిస్తాడు గదా అని వినయంగా అనగలిగితే కొంత సంభాషణ నడుస్తుంది. తాతగారు ఒప్పుకోవాలన్న నియమమేమీ లేదు.

ఇక తండ్రి వేసిన ప్రశ్నకు తిరిగి వస్తే, దానికి తగిన కథ ఒకటి జపానులో ఉన్నది. ఉత్తరాన హొక్కైడో ద్వీపంలో మురోరాన్ అనే ఓడరేవు పట్టణం కలదు. అదీ ఉక్కు ఊరే. అక్కడ జపాన్ స్టీల్ వర్క్స్ స్థాపితమైనది 1907లో, అంటే టాటా ఉక్కు సంస్థ పుట్టిన సంవత్సరంలోనే. ఆ పట్టణానికి మేయరుగా పనిచేసిన ఒక పెద్దమనిషి కుమారుడు సతోరు ఇవాతా. టోకియోలో సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదువుకొంటూ, తీరిక దొరికినప్పుడల్లా ఇకెబుకురోలోని సెయిబూ అనే పెద్ద దుకాణానికి వెళ్ళేవాడు. అక్కడ వ్యక్తిగత కంప్యూటర్లు అమ్మే ఒక విభాగం ఉండేది. కొనేందుకు కాదు, అక్కడి యంత్రాలమీద తాను రాసిన ప్రోగ్రాములు నడిపి చూసుకొనేందుకు.

మన బజార్లలో అయితే ఏమి జరిగేదో ఊహించడం కష్టం కాదు. ‘కొంటావా, లేదా?’ అని ఒక కేక వినిపించేది. సెయిబూలో ఆ విభాగపు ఉద్యోగులు అతనివంటి కుర్రవాళ్ళను తరమలేదు. వారు చేస్తున్నదేమిటో గమనించారు. ఆ పరిచయాలనుంచే 1980లో హాల్ లేబొరేటరీ అనే చిన్న సంస్థ పుట్టింది. ఇవాతా అందులో మొదట కొన్ని గంటల పనికి కుదిరి, చదువు ముగించి 1982లో పూర్తి ఉద్యోగిగా చేరాడు. మేయరుగారికి ఇది ఎంతమాత్రం నచ్చలేదు. ఆరునెలల పాటు తండ్రి తనతో మాట్లాడలేదని ఇవాతా తరువాతి కాలంలో చెప్పుకొన్నారు.

1993లో ఆ సంస్థ అప్పులలో మునిగి ఉండగా దాని అధ్యక్షభారం ఆయన తలకెత్తుకొన్నారు. సంస్థ తేరుకొన్నది. 2002లో నింటెండో సంస్థకు అధ్యక్షులయ్యారు. 1889లో క్యోటోలో పేకముక్కల తయారీతో మొదలైన ఆ సంస్థకు, స్థాపక కుటుంబం వెలుపలినుంచి వచ్చిన తొలి అధ్యక్షుడు ఆయనే. 2015లో, 55వ ఏట మరణించేవరకు ఆ పదవిలో ఉన్నారు.

ఈ కథ చెప్పగానే ప్రతి తండ్రీ ‘మావాడూ అధ్యక్షుడవుతాడా?’ అని అడుగుతాడు. కాడు. ఆ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది. అయితే ఈ కథలో ఇవాతాతోపాటు చూడవలసినవారు ఇంకొందరున్నారు. ఆనాటి ఆ విభాగంలో జీతానికి పనిచేస్తూ, యంత్రం ముందు గంటల తరబడి నిలబడిన కుర్రవాణ్ణి దొంగగానో పనిలేనివాడిగానో చూడక, పలకరించిన అంగడి ఉద్యోగులు. యువకుడు అర్జీ పెడుతున్నది వారి స్థానానికి.

అర్జీ ఎలా పెట్టాలి అన్నదానికి పెద్ద శాస్త్రమేమీ లేదు. ఒక్క పుట చాలు. ‘పన్నెండేళ్లుగా ఆడుతున్నాను’ అన్న వాక్యాన్ని చివరికి నెట్టి, వచ్చిన భాషలు మొదట రాయాలి. హిందీ, బెంగాలీ, ఒడియా, తెలుగు, కొంత సంతాలీ వినిపించే ఈ ఊళ్ళో నాలుగు భాషలలో బేరం నడపగలవాడు సామాన్యుడు కాడు. విచిత్రమేమంటే టాటానగర్ తెలుగు కుర్రవాడికి ఇది విద్య అన్న సంగతే తోచదు. వీధిలో దొరికినది గనుక విలువ లేదనుకొంటాడు. బి.కాం. చదివినవాడు గనుక బిల్లు, సరకు లెక్క, పన్ను చూడగలనని రాయవచ్చు. పూజా పందిరిలోనో, ఆంధ్ర సంఘం ఉత్సవంలోనో చందాల లెక్క చూసిన అనుభవం ఉంటే అది కూడా రాయాలి. గల్లాపెట్టె ఎవరి చేతికివ్వాలా అన్నదే యజమాని అసలు చింత. అర్జీని స్వయంగా తీసుకువెళ్ళాలి, సాయంకాలం మాత్రం కాదు. దుకాణం తెరిచిన గంటలోపు వెళితే యజమాని తలెత్తి చూస్తాడు. దుర్గాపూజకు నెలా నెలన్నర ముందు అయితే మరీ మంచిది. అప్పుడు మనుషుల అవసరం ఎక్కువ.

అడగవలసినవి కూడా ఉన్నవి. మన కుర్రవాళ్ళు ఇక్కడే మొగమాటపడతారు. పని గంటలెన్ని? వారానికి సెలవు ఏ రోజు? జీతం ఏ తేదీన? సరకు తగ్గితే ఎవరు కట్టాలి? ఇరవైమంది, అంతకు మించి పనిచేసే సంస్థ అయితే భవిష్యనిధి వర్తిస్తుంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులు ప్రతి కార్మికునికీ నియామక పత్రం ఇవ్వాలంటున్నవి. నోటిమాటగా ‘రేపటినుంచి రా’ అన్నచోట, పత్రం కావాలని మర్యాదగా అడగడం తలబిరుసు కాదు. దేశంలో ఎనిమిది గంటల పనిదినాన్ని మొట్టమొదట చూసిన ఊళ్లలో పుట్టినవాడు పని గంటల మాట ఎత్తడానికి సిగ్గుపడితే తాత ఏమనుకొంటాడు?

ఈ కొలువు ఎంతకాలం నిలుస్తుంది అన్నది మరొక ప్రశ్న. నిజం చెప్పాలంటే, భరోసా ఇవ్వగలవారు లేరు. 1984లో అమెరికాలోని డాలస్‌లో బ్యాబేజెస్ అనే చిన్న అంగడిగా మొదలైనది కాలక్రమాన గేమ్‌స్టాప్ అనే మహాసంస్థగా ఎదిగి, మళ్లీ వందల దుకాణాలు మూసుకొన్నది. ఆటలు ఇప్పుడు తీగల గుండా నేరుగా ఇంటికే వస్తున్నవి. 2024లో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రో యంత్రంలో డిస్కు పెట్టే చోటే లేదు. కావలసినవారు విడిగా కొనుక్కోవాలి. డిస్కులు అమ్మి బ్రతికే అంగడికి ఇది చల్లని కబురు కాదు. కాని యంత్రం చెడితే చూపించుకోవడానికి, కంట్రోలరు చేతికి అమరుతుందో లేదో పట్టి చూడడానికి, పాతది ఇచ్చి కొత్తది తీసుకోవడానికి జనం ఇంకా వస్తున్నారు. పెద్దామె చేతి కాగితం చదివి సరైన ప్రశ్న అడిగేవాడు తీగల గుండా రాడు.

యువకుడు రెండవ అర్జీ రాశాడు. ఇంటర్వ్యూ శనివారం ఉదయం. శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక ఒక ఉపాయం తోచింది. “నాన్నా, నువ్వు గిరాకీవి. నాకేమీ చెప్పకు. కొనడానికి వచ్చినట్లు అడుగు” అన్నాడు.

తండ్రి కొంతసేపు పట్టించుకోనట్లే కూర్చున్నాడు. తరువాత, కొడుకు స్నేహితుని దగ్గర ఆ రెండు రోజులకని తెచ్చుకొన్న తెల్లని పెట్టెవైపు చూసి, ఏళ్లతరబడి మిల్లులో అలవాటైన ప్రశ్నే వేశాడు. “ఇంతసేపు ఆడితే ఇది వేడెక్కదా? ఆ వేడి ఎటు పోతుంది?”

అర్జీలో రాయని విషయం అది. కుర్రవాడు చెప్పుకొచ్చాడు. లోపల పెద్ద ఫ్యాను ఉన్నది. వెనుకవైపునుంచి వేడిగాలి పోతుంది గనుక గోడకు ఆనించి పెట్టకూడదు, దుమ్ము చేరనివ్వకూడదు. అసలు వేడి పుట్టేది చిన్న చిప్పులో. ఆ చిప్పుకూ, వేడిని లాగివేసే లోహపు దిమ్మెకూ నడుమ మామూలుగా అందరూ వాడే పేస్టు కాకుండా, ఈ ప్లేస్టేషన్ 5లో ద్రవలోహం పోశారు.

తండ్రి కుర్చీ ముందుకు జరుపుకొన్నాడు.

“ద్రవలోహమా? ఏ లోహం? గట్టిపడదూ?”